సపోర్ట్‌లో చేరారా? కోడింగ్ దారి మూసుకుపోలేదు

చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కితే 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. వానను నమ్ముకుని వేరుసెనగ వేసే ఇళ్లల్లో చదువు అయిపోగానే వినిపించే మాట ఒకటే: ‘ఏదో ఒక ఉద్యోగంలో చేరిపో’. కోడింగ్ ఉద్యోగం కోసం చూసి చూసి కొందరు టెక్నికల్ సపోర్ట్‌లో చేరిపోతారు. హెడ్‌సెట్, నైట్ షిఫ్టు, టికెట్లు! ఏడాది తిరిగేసరికి ‘ఇక డెవలపర్‌ని కాలేనేమో’ అని దిగులు. మానేసి కోచింగ్‌లో చేరదామా అనిపిస్తుంది.

తొందరపడొద్దు. ఇంటికి పంపే డబ్బు ఆగిపోతే చదువు మీద మనసు నిలవదు. పైగా మీకు కావాల్సిన ప్రాజెక్టు ఇప్పుడు చేస్తున్న పనిలోనే ఉంది.

పైథాన్ పుట్టిందీ ఇలాంటి అవసరంతోనే

1989 చివర్లో నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో గైడో వాన్ రోసమ్ అమీబా అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసేవారు. దాని నిర్వహణ పనులకు సీ ప్రోగ్రాములు రాయడం భారంగా ఉండేది, షెల్ స్క్రిప్టులు సరిపోయేవి కావు. ఆ అవసరం కూడా తోడై పైథాన్ రూపుదిద్దుకుంది. 1991లో విడుదలైంది. గూగుల్‌లో 2003లో మొదలైన ‘సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్’ బృందాలకూ ఒక నియమం ఉంది: టికెట్లు, ఆన్‌కాల్ లాంటి నిర్వహణ పని సగం సమయానికి మించకూడదు, మిగతాది ఇంజినీరింగ్‌కే. అంటే సపోర్ట్‌కీ డెవలప్‌మెంట్‌కీ మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తు లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పదేపదే వచ్చే సమస్యలు రాయండి. డిస్క్ నిండిపోవడం, రిపోర్టు రాకపోవడం, లాగిన్ ఆగిపోవడం... ఏదైనా సరే. టికెట్ మూసేసి ఊరుకోకుండా లాగ్ ఫైల్ తెరిచి ‘ఎందుకు వచ్చింది?’ అని చూడండి. డెవలపర్లు రోజూ చేసే డీబగ్గింగ్‌కి మొదటి మెట్టు ఇదే.

తర్వాత వరసగా: డేటా వెతకడానికి ఎస్‌క్యూఎల్, చిన్న స్క్రిప్టులకు పైథాన్, రాసిన కోడ్ దాచుకోవడానికి గిట్. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా చూడొచ్చు. షిఫ్టు ఏదైనా రోజుకో గంట చాలు, కానీ ఆ గంట తప్పకూడదు. అరగంట పట్టే పనిని నిమిషంలో చేసే స్క్రిప్టు ఒక్కటి రాసినా, పది సర్టిఫికెట్ల కంటే గట్టి సాక్ష్యం అదే.

ఒక జాగ్రత్త. ఆఫీసు సిస్టమ్‌పై స్క్రిప్టు నడిపే ముందు మేనేజర్ అనుమతి తీసుకోండి. కంపెనీ కోడ్, కస్టమర్ల వివరాలు, పాస్‌వర్డులు గిట్‌హబ్‌లో పెడితే ఉన్న ఉద్యోగమే పోతుంది. అదే ఆలోచనను నమూనా డేటాతో ఇంట్లో కొత్తగా రాసి పెట్టుకోండి.

లోపలి తలుపే దగ్గర

బయట రెజ్యూమెలు పంపే ముందు సొంత కంపెనీలో అంతర్గత నియామకాలు ఉన్నాయేమో కనుక్కోండి. ఎల్1 నుంచి ఎల్2కి, కోడ్‌తో నేరుగా పని ఉండే ఎల్3కి ఎదగడం ఒక దారి. టెస్ట్ ఆటోమేషన్ ఇంకో దారి. కొందరికి జీతం పెరగకుండానే మారాల్సి రావచ్చు. ఇంట్లో ముందే మాట్లాడుకుంటే ఇబ్బంది తగ్గుతుంది.

ఇంటర్వ్యూలో ‘సపోర్ట్‌లో ఉన్నానండీ’ అని నసగొద్దు. సమస్య ఏమిటి, కారణం ఎలా పట్టుకున్నారు, ఏం రాశారు, ఎంత సమయం మిగిలింది... ఈ నాలుగూ వరసగా చెప్పండి. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆగిపోతుందో, వాడేవాళ్లు దేనికి విసుక్కుంటారో కొత్తగా వచ్చిన ఫ్రెషర్‌కి తెలియదు. మీకు తెలుసు.

ఈ వారం మీకు ఎక్కువసార్లు వచ్చిన టికెట్ ఏది? దాంతోనే మొదలుపెట్టండి.