గేదె నోట నురగ వస్తోందా? పురుగుమందు అనుమానం ఉంటే ఏం చేయాలి?

సనత్‌నగర్‌లో అద్దెకుంటున్నా చాలామందికి ఊళ్లో గేదెలో, గొర్రెలో ఉంటాయి. 'చేనులో మేసి వచ్చిన గేదె వణికిపోతోంది' అని ఇంటి నుంచి ఫోనొస్తే ఏం చెప్పాలి?

లక్షణాలేంటి?
ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లోకి వెళ్తే చొంగ కారుతుంది, కండరాలు వణుకుతాయి, కంటిపాప చిన్నదవుతుంది, ఆయాసం వస్తుంది. విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. అది పశువైద్యుడే ఇవ్వాలి.

వెంటనే ఏం చేయాలి?
తెలంగాణలో సంచార పశువైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయాలి. ఆ మేత, నీళ్లు ఆపేయాలి. ఒంటిపై మందు పడితే చేతికి తొడుగులు వేసుకుని సబ్బునీళ్లతో కడగాలి. నూనె, మజ్జిగ నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మందు డబ్బా ఉంటే డాక్టరుకు చూపించాలి. ఆయన చెప్పేవరకు పాలు వాడొద్దు, అమ్మొద్దు.

చనిపోతే?
పూడ్చేయొద్దు. పోస్టుమార్టం చేయించాలి. పొట్టలోని మేత, కాలేయం, మూత్రపిండం నమూనాలను డాక్టరు వేర్వేరు సీసాల్లో తీస్తారు. విష పరీక్షకు పంపే వాటిలో ఫార్మలిన్ కలపకూడదు. ఎవరైనా విషం పెట్టారన్న అనుమానం ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. బీమా ఉంటే కంపెనీకీ వెంటనే చెప్పాలి.

నమూనాలు ఎందుకంత ముఖ్యం?
2006లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు పెద్దసంఖ్యలో చనిపోయాయి. కాపరులు పత్తి మొక్కనే అనుమానించారు. కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ మాత్రం నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు కారణం కావొచ్చని చెప్పింది. వాదన ఏళ్ల తరబడి సాగింది. మీ ఇంట్లో అలా కాకూడదంటే, ఫోన్‌లో చెప్పాల్సిన మొదటి మాట 1962, రెండోది 'పూడ్చొద్దు'.