మీకు తెలుసా? కందెన ఊరి నుంచి గడప ఊరికి

పెళ్లిరోజు దగ్గరపడగానే ఊటీ, గోవా, మున్నార్ పేర్లు నోటికొస్తాయి. కర్నూలు, కడప పేర్లు మాత్రం ఎవరికీ తట్టవు. ఎండలు, బండలు, సినిమాల్లో చూపించే వేటకొడవళ్లు, సీమ అంటే ఇంతేనని బయటివాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. శనివారం కర్నూలులో తెల్లవారి, ఆదివారం కడప దగ్గర పొద్దుగుంకితే చాలు. ఆలుమగలు కలిసి చూడాల్సినవి దారి పొడవునా ఉన్నాయి. వాటిలో చాలావరకు పెళ్లి కథలే.

ఊరి పేరులోనే బండిచక్రం

సంసారం బండి అయితే ఆలుమగలు రెండు చక్రాలని పెద్దలంటారు. ఆ చక్రాలకు పూసే కందెన ఒక ఊరికి పేరైందని మీకు తెలుసా? కర్నూలు పాత పేరు కందనవోలు. తుంగభద్ర అవతలి గట్టున అలంపురంలో గుడి కట్టేందుకు ఎడ్లబండ్ల మీద రాళ్లు తోలేవారట. ఏరు దాటే ముందు ఇవతలి గట్టున బండ్లు ఆపి, ఇరుసులకు కందెన పూసుకునేవారట. ఆ చోటే కందెనవోలు, కందనవోలు, చివరికి కర్నూలు అయిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అలంపురం ఇప్పుడు తెలంగాణలో ఉంది. కర్నూలు నుంచి గంటలోపు ప్రయాణం. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి అక్కడే ఉన్నాయి. శనివారం పొద్దున్నే ఎండ ముదరకముందు చూసి రావచ్చు.

బురుజు కింద మూడేళ్ల రాజధాని

కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. విజయనగర రాజుల కాలపు కోటలో మిగిలిన ముక్క అది. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమాతో ఈ బురుజును తెలుగువాళ్లంతా గుర్తుపట్టారు.

అయితే ఈ ఊరు ఒకప్పుడు ఒక రాష్ట్రానికి రాజధాని అన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు చెరో ప్రాంతానికి దక్కాలని కోస్తా, సీమ నాయకులు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు గుంటూరుకు దక్కింది. టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది. గుడారాల్లో కాపురం మొదలుపెట్టిన ప్రభుత్వం ఇది. అద్దె గదిలో ఒక చాప, రెండు గిన్నెలతో కాపురం మొదలుపెట్టిన జంటలకు ఈ ఊరి మీద ప్రేమ పుట్టక మానదు.

ఉగ్గాని, బజ్జీ విడిపోవు

కర్నూలులో పొద్దున టిఫిన్ అంటే ఉగ్గాని. కోస్తాలో మరమరాలు అనేవాటిని ఇక్కడ బొరుగులు అంటారు. వాటిని నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. కన్నడంలో తాలింపును ఒగ్గరణె అంటారు. ఉగ్గాని అన్న మాట అక్కడి నుంచే వచ్చిందంటారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. ఒక్క ఉగ్గాని మాత్రమే అడిగినా హోటలాయన "బజ్జీ వద్దా?" అని మళ్లీ అడుగుతాడు.

పిడకల దెబ్బలతో కుదిరిన పెళ్లి

కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలో కైరుప్పల అనే ఊరుంది. ఉగాది మరునాడు ఆ ఊరి జనం రెండు వర్గాలుగా చీలి ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకుంటారు. కారణం ఒక ప్రేమకథ. వీరభద్రస్వామి, కాళికాదేవి ఒకరినొకరు ఇష్టపడ్డారట. పెళ్లి మాట దగ్గర మాత్రం స్వామి జాప్యం చేశాడట. అమ్మవారి తరఫువాళ్లకు కోపం వచ్చి పిడకలు అందుకున్నారు. స్వామి తరఫువాళ్లూ ఊరుకోలేదు. చివరికి పెద్దలు కూర్చుని రాజీ కుదిర్చి పెళ్లి చేశారట. ఇప్పటికీ పిడకల సమరం ముగిశాక దేవుడికి కల్యాణం జరిపిస్తారు. దెబ్బ తగిలినవాళ్లు గుడికి వెళ్లి విభూతి రాసుకుని ఇంటిదారి పడతారు. కోపం ఎంత గట్టిదైనా ముగింపు కల్యాణమే కావాలన్నది ఆ ఊరి తీర్మానం.

రెండు ఊళ్లకు కొంగుముడి

కర్నూలు, కడపలకు కొంగుముడి వేసిన కాలువ ఒకటుంది. అదే కె.సి. కాలువ. కె అంటే కర్నూలు, సి అంటే కడప. ఇంగ్లీషువాళ్లు కడప పేరును ‘సి’ అక్షరంతో రాసేవారు. 2005లో ఆ స్పెల్లింగు మారింది గానీ కాలువ పేరు మారలేదు.

1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఈ కాలువ తవ్వించింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, నీళ్లను కడప దాకా మళ్లించారు. పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవలు నడపాలన్నది కూడా అప్పటి ఆలోచన. రోడ్లు సరిగా లేని రోజుల్లో సరుకులు నీటి మీద సాగాలని అనుకున్నారు. కంపెనీ అనుకున్నంత ఆదాయం రాలేదు. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. పడవలు పోయాయి, నీళ్లు మిగిలాయి. కరువు నేల అని పేరుపడ్డ సీమలో నంద్యాల చుట్టూ కనిపించే వరి పచ్చదనం చాలావరకు ఈ కాలువ చలవే. మనం సోనా మసూరి అని అడిగి కొనుక్కునే బియ్యంలో కర్నూలు, నంద్యాల గింజలకున్న పేరు చిన్నది కాదు.

తన పెళ్లికి తానే పిలిచే దేవుడు

నంద్యాల దాటి ఆళ్లగడ్డ చేరితే అహోబిలం దారి వస్తుంది. నల్లమలలో నవ నరసింహులు వెలసిన క్షేత్రం అది. 108 వైష్ణవ దివ్యదేశాల్లో ఒకటి. ఇక్కడ కనుమ రోజు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీ ఎక్కి చుట్టుపక్కల పల్లెలన్నీ నలభై రోజులకు పైగా తిరుగుతాడు. ఎందుకో తెలుసా? ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని ఊరూరా స్వయంగా పిలవడానికి.

నరసింహుడు అడవిలో చెంచులక్ష్మిని చూసి మనసుపడి పెళ్లాడాడని కథ. అందుకే నల్లమల చెంచులకు ఆయన దేవుడే కాదు, తమ ఆడపడుచును చేసుకున్న బావ కూడా. పల్లకీ ఊళ్లోకి వస్తే ఆ రోజు ఊరికి పండగ. ఇంటింటా చుట్టాలు దిగుతారు, తిరునాళ్ల సందడి మొదలవుతుంది. కార్డు ఫోటో తీసి ఫోనులో పంపేసి పెళ్లిపిలుపు అయిందనుకునే ఈ రోజుల్లో, గడప గడపకూ నడిచొచ్చి పిలిచే ఈ పద్ధతి ఎంత మర్యాదో ఒకసారి ఆలోచించండి.

తిరుమలకు తొలి గడప

కొత్త కోడలు బియ్యం చెంబు తోసి దాటేది గడప. ఆ మాటే కడప అయిందంటారు. తిరుమల వెళ్లే పాత దారిలో తొలి గడప ఇదని నమ్మకం. దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుణ్ణి చూసి, ఆ తర్వాతే కొండ ఎక్కాలని పెద్దలు చెప్పేవారు. అన్నమయ్య ఈ కడప రాయుడి మీద కీర్తనలు కట్టాడు.

ఈ గుడిలో ఉగాది నాడు కనిపించే దృశ్యం దేశంలో ఇంకెక్కడా అంత సులువుగా దొరకదు. తెల్లవారుజాము నుంచే ముస్లిం కుటుంబాలు వరుసలో నిలబడతాయి. కొబ్బరికాయ కొట్టి, తీర్థం పుచ్చుకుని వెళతాయి. స్వామిని వలచి వచ్చిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపిల్ల అని వాళ్ల నమ్మకం. ఆ లెక్కన వేంకటేశ్వరుడు వాళ్లకు అల్లుడు. పండగపూట అల్లుణ్ణి చూసిపోవడం అత్తగారింటి ఆచారం గదా! ఇదే ఊళ్లో అమీన్ పీర్ దర్గా ఉంది. అందరూ పెద్ద దర్గా అంటారు. సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ తరచూ వచ్చే ఈ దర్గాలో హిందువులూ మొక్కులు తీర్చుకుంటారు.

తెలుగు మాటకు పుట్టినిల్లు

ఇప్పటిదాకా తేదీ తేలిన తెలుగు శాసనాల్లో తొలిదిగా చెప్పేది కడప జిల్లా కలమళ్ల శాసనం. యర్రగుంట్ల దగ్గరి ఆ ఊళ్లో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించాడు. కాలం క్రీ.శ. 575. అప్పటికి రాజులు సంస్కృతంలోనో ప్రాకృతంలోనో శాసనాలు వేయించేవారు. జనం మాట రాతికెక్కింది ఈ రేనాడులోనే.

దాదాపు 1,245 ఏళ్ల తర్వాత, 1820లో, ఒక ఇంగ్లీషు ఉద్యోగి ఇదే కడపకు వచ్చాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, తాళపత్రాలు వెతికించి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. తెలుగు నిఘంటువు కూర్చాడు. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. దాని కోసం జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి తిరిగి, విరాళాలు పోగుచేసి, నిలబెట్టారు. పెళ్లిరోజున ఒక గంట పుస్తకాల మధ్య గడపడం కన్నా మంచి కానుక ఏముంటుంది?

కారం దోసె, రాగి సంగటి

కడపలో దోసె మీద ఎర్రకారం పూస్తారు. ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరిన కారం అది. పైన పప్పుల పొడి, ఆపైన నెయ్యి. మధ్యాహ్నానికి రాగి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు. శాకాహారులకు ఊరిబిండి పచ్చడి చాలు. సంగటిని నమలరు, చిన్న ముద్ద చేసి పులుసులో ముంచి మింగుతారు. మొదటిసారి తినేవాళ్లకు పక్కవాళ్లు నేర్పాలి. ఆ పని భార్యాభర్తల్లో ఎవరికి తెలిస్తే వాళ్లది.

86 ఏళ్ల తర్వాత దొరికిన పిట్ట

కలివికోడి పేరు విన్నారా? 1848లో జెర్డాన్ అనే శాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పాటైంది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రాత్రిపూట తిరిగే ఈ పిట్ట మీకు కనిపించకపోవచ్చు. అయినా లంకమల పక్కగా వెళ్లేటప్పుడు హారన్ కొట్టకండి.

వెన్నెల్లో పెళ్లి

భద్రాచలంలో సీతారాముల కల్యాణం శ్రీరామనవమి మధ్యాహ్నం జరుగుతుంది. కడపకు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్టలో మాత్రం చైత్ర పున్నమి వేళ రాత్రిపూట చేస్తారు. స్వామి పెళ్లి పగలే జరిగిపోతే తాను చూడలేకపోతున్నానని చంద్రుడు బాధపడ్డాడని, అతని కోసమే ఇక్కడ వెన్నెల్లో పెళ్లని కథ చెబుతారు. సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉండటం వల్ల దీనికి ఏకశిలానగరమని పేరు. గర్భగుడిలో పక్కన ఆంజనేయుడు కనిపించడు. రాముడికి హనుమంతుడు ఇంకా పరిచయం కాకముందు వెలసిన మూర్తులని నమ్మకం. రాష్ట్ర విభజన తర్వాత, 2015 నుంచి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున సీతారాముల కల్యాణం ఇక్కడే జరుగుతోంది.

గుడి దగ్గర ఇమాంబేగ్ బావి చూడటం మరవకండి. కడప నవాబు ప్రతినిధిగా వచ్చిన ఇమాంబేగ్ "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?" అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడని భక్తులు చెప్పారు. అతను పిలిచాడు, లోపలి నుంచి జవాబు వచ్చిందట. ఆ కృతజ్ఞతతో భక్తుల కోసం బావి తవ్వించాడు.

ఇంకో రోజు చేతిలో ఉంటే

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలున్నాయి. పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి పర్యాటకులను లోపలికి వదులుతున్నారు. జమ్మలమడుగు దగ్గర గండికోటలో పెన్నానది కొండను చీల్చుకుంటూ సుమారు 300 అడుగుల లోతున పారుతుంది. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ కోటకు వచ్చి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు రెండూ చూడండి. లోయ అంచున రక్షణ కంచె లేని చోట్లున్నాయి. ఫోటో కోసం అంచుకు వెళ్లకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ దారికి మంచి కాలం. ఎండాకాలం వద్దు.

పెళ్లి ఇద్దరి మధ్య పడే ముడి అనుకుంటాం. సీమ దేవుళ్లు తమ పెళ్లిళ్లతో చెంచుగూడేన్నీ గుడినీ, మసీదు వీధినీ మాడవీధినీ చుట్టాలను చేశారు. ఈసారి మీ పెళ్లిరోజుకు ఆ చుట్టరికం చూసి రండి. తిరిగొచ్చేముందు ఇమాంబేగ్ బావి గట్టున ఇద్దరూ కాసేపు ఆగండి.