పందెపు గుఱ్ఱము రెండవ జీవితము

పందెపు గుఱ్ఱమునకు రెండు జీవితములు. మొదటిది జనసమూహముల కోలాహలము నడుమ కొలది యేండ్లలో ముగియును. రెండవది పెంపకశాలలో, సంతానోత్పత్తికై సాగును. మొదటిదానిలో గెలిచిన గుఱ్ఱము రెండవదానిలోను గెలుచునా? అమెరికా దేశపు ‘సెక్రటేరియట్’ కథ నుండి ఈ సంగతి తెలిసికొనవచ్చునని మేము తలంతుము.

ఈ యెఱ్ఱవన్నె గుఱ్ఱము 1970 మార్చి 30వ తేదీన వర్జీనియాలో జన్మించెను. 1972 జులై 4వ తేదీన తొలి పందెములో నాలుగవదిగా వచ్చెను. అయినను ఆ యేడాదియే, రెండేండ్ల ప్రాయమున, దేశములో మేటి గుఱ్ఱముగా ఎన్నికయ్యెను.

1973 జనవరిలో ఆ కుటుంబపు పెద్ద క్రిస్టఫర్ చెనరీ మరణించెను. ఆస్తిపై భారీ పన్ను చెల్లింపవలసి వచ్చెను. ఆయన కుమార్తె పెన్నీ ఈ గుఱ్ఱముపై హక్కులను 32 వాటాలుగా, వాటా 1,90,000 డాలర్ల చొప్పున అమ్మెను. మొత్తము 60,80,000 డాలర్లు!

వాటా యనగా నేమి? ఏటేట తన ఆడుగుఱ్ఱము నొకదానిని ఈ మగగుఱ్ఱముతో జతపఱచుకొను హక్కు. మన పల్లెలలో మేలిజాతి ఆబోతును ఊరుమ్మడిగా పోషించిన వాడుకను తలంచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. ఈ థరోబ్రెడ్ జాతిలో కృత్రిమ గర్భధారణము నిషిద్ధము గనుక ఆ హక్కునకు అంత వెల. ఆ యేడాది చివర గుఱ్ఱము పందెములు మానవలెననియు ఒప్పందము. అప్పటికది మూడేండ్ల ప్రాయమున ఒక్క పందెమైనను పరుగెత్తి యుండలేదు!

ఏప్రిల్‌లో ఒక పందెమున మూడవదిగా రాగా వాటాదారులకు గుండె జాఱినది. కాని మే నెలలో కెంటకీ డెర్బీని 1 నిమిషము 59 2/5 సెకండ్లలో గెలిచెను. పిదప ప్రీక్‌నెస్ గెలిచెను. జూన్ 9వ తేదీన బెల్మాంట్ పందెమును 2 నిమిషముల 24 సెకండ్లలో, 31 గుఱ్ఱపు నిడివుల దూరముతో గెలిచెను. ఈ మూడింటిని ఒకే యేట గెలుచుట 25 సంవత్సరముల తరువాత అదే మొదలు. డెర్బీ, బెల్మాంట్ కాలములను నేటికిని ఏ గుఱ్ఱమును మించలేదు.

మొత్తము 21 పందెములలో 16 గెలిచి, అక్టోబరు 28వ తేదీన టొరాంటోలో కడపటి విజయము నందుకొని, కెంటకీలోని క్లెయిబోర్న్ పెంపకశాలకు చేరెను.

సంతానములో ‘లేడీస్ సీక్రెట్’ 1986లో మేటి గుఱ్ఱమయ్యెను. ‘రైజన్ స్టార్’ 1988లో ఆ మూడు పందెములలో రెండింటిని గెలిచెను. అయినను తండ్రికి సాటియైన కొడుకు పుట్టలేదని పలువురు పెదవి విఱిచిరి. బిడ్డకు తండ్రి నుండి వచ్చునది సగపాలే. వేగము, దమ్ము, కాళ్ల దృఢత్వము ఒక్కచోట కూడుట అరుదు.

అసలు కీర్తి కుమార్తెల వలన వచ్చెను. ‘టర్లింగ్వా’కు ‘స్టార్మ్ క్యాట్’ పుట్టెను. దానితో ఒక్కమాఱు జతపఱచుటకు రుసుము ఒకప్పుడు 5,00,000 డాలర్లకు చేరెను. ‘వీకెండ్ సర్‌ప్రైజ్’కు పుట్టిన ‘ఏ.పీ. ఇండీ’ 1992లో తాత గెలిచిన బెల్మాంట్‌నే గెలిచెను.

తాత యప్పటికి లేదు. గిట్టల లోపలి పొరలు చెడు వ్యాధి నయము కాకపోగా, 1989 అక్టోబరు 4వ తేదీన, 19వ యేట, దానికి బాధ లేని మరణమును ప్రసాదించిరి. పందెము ఫలితము రెండు నిమిషములలో తేలినది. పెంపకము ఫలితము తేలుటకు రెండు తరములు పట్టినది.