ధనదాహానికి శిక్ష ఎక్కడ? – ఫ్రిత్ చిత్రాలు, వట్టికోట రచనలు: తులనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ధనదాహాన్ని వస్తువుగా స్వీకరించిన కళాకారుడు దానికి ఇచ్చే ముగింపులో, తన కాలపు న్యాయవ్యవస్థపై అతనికున్న విశ్వాసం వ్యక్తమవుతుంది. ఆంగ్ల చిత్రకారుడు విలియం పావెల్ ఫ్రిత్ (1819–1909) చిత్రాలనూ, నల్లగొండ జిల్లాకు చెందిన వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) రచనలనూ ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఫ్రిత్: కార్యాలయం నుంచి కారాగారానికి

‘ది రేస్ ఫర్ వెల్త్’ 1880లో లండన్‌లో ప్రదర్శితమైన ఐదు చిత్రాల వరుస. ఇప్పుడది బరోడా మ్యూజియంలో ఉంది. మొదటి చిత్రంలో వాటాలు అమ్మే వ్యాపారి సాలెపురుగు; అతని కార్యాలయానికి వచ్చే మదుపుదారులు ఈగలు. రెండవది అతని ఇంటి వైభవం. మూడవ చిత్రంలో పొదుపు సొమ్ము పోగొట్టుకున్న క్రైస్తవ మతాచార్యుని కుటుంబం కనిపిస్తుంది. నాలుగవది న్యాయస్థానం. చివరి చిత్రంలో వ్యాపారి మిల్‌బ్యాంక్ జైలు ఆవరణలో ఖైదీల నడుమ నడుస్తుంటాడు. ఈ ముగింపు కేవలం నీతిబోధ కాదు. 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలిపోగా, మరుసటి ఏడాది దాని డైరెక్టర్లకు నిజంగానే జైలుశిక్ష పడింది.

3. నల్లగొండ: నాగు, భగేలా

ఫ్రిత్ చిత్రించిన ఈగలు లాభాపేక్షతో సాలెగూటిని తామే వెతుక్కుంటూ వచ్చాయి. దక్షిణ తెలంగాణ రైతు ఆకలి తీర్చుకోవడానికీ, విత్తనాలకూ అప్పు చేశాడు. నాగుగా తెచ్చిన ధాన్యాన్ని పంటకాలంలో ఒకటిన్నర రెట్లుగా కొలిచాడు. తీర్చలేనివాడు భగేలాగా మారి దొర ఇంట చాకిరీకి కట్టుబడ్డాడు. ఈ ఒప్పందాలను నియంత్రిస్తూ నిజాం ప్రభుత్వం 1936లో చట్టం తెచ్చినా, గ్రామంలో దాన్ని అమలుచేయవలసిన అధికారం దొరల గుప్పిట్లోనే ఉండిపోయింది. నాటి నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకాలో ఒక్క విసునూరు దేశ్‌ముఖ్ అధీనంలోనే 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశాడు.

4. వట్టికోట: జైలు లోపల ఎవరు?

‘ప్రజల మనిషి’ నవలలో రామభూపాలరావు దొర భూదాహానికి గ్రామాధికారమే సాధనం. ఇక్కడ అధికారం దురాశకు కాపలా కాస్తుంది. స్వయంగా జైలుజీవితం అనుభవించిన వట్టికోట ‘జైలు లోపల’ కథల్లో పరిచయం చేసినవారు దురాశాపరులు కారు. పరిస్థితులు నేరస్థులుగా మార్చిన సామాన్యులు. ఫ్రిత్ జైలును కథకు ముగింపుగా నిలిపితే, వట్టికోట సమాజాన్ని ప్రశ్నించడానికి దాన్ని ప్రారంభస్థానం చేసుకున్నాడు.

5. ముగింపు

ఫ్రిత్ దృష్టిలో దురాశ ఒక వ్యక్తి దోషం. కనుక ఆ వ్యక్తిని శిక్షిస్తే కథ ముగుస్తుంది. వట్టికోట దృష్టిలో అది వ్యవస్థ స్వభావం. నేరం చేసినవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకే గడీలో ఉన్నప్పుడు శిక్ష న్యాయస్థానం నుంచి రాదు. తెలంగాణ తొలి నవలల్లో తీర్పరి స్థానం ప్రజలకు దక్కడానికి కారణం ఇదే.