బాణం తిన్న మృగం కనుమరుగైతే? – వేటకు షరీఅత్ విధించిన హద్దులు

దివ్య ఖురాన్‌లోని అల్ మాయిదా సూరా ఆహారానికి సంబంధించిన హద్దులను విశదపరుస్తుంది. మొదటి ఆయతులోనే వేట ప్రస్తావన ఉన్నది. నాల్గవ ఆయతు, తర్ఫీదు పొందిన వేటజంతువులు పట్టినదానిని అల్లాహ్ నామస్మరణతో తినడానికి అనుమతినిచ్చింది. 94వ ఆయతు మరొక సంగతి చెప్పింది: చేతికీ, ఈటెకూ అందేంత చేరువకు మృగాలను తెచ్చి అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తాడు. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ప్రయాణంలో సహాబాలు ఇహ్రామ్‌లో ఉండగా అడవి జంతువులు వారి బిడారుల మధ్యనే సంచరించాయని వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. కనుక ఇస్లాంలో వేట కేవలం ఒక అనుమతి కాదు, అది ఒక పరీక్ష కూడా.

ఫిఖహ్ గ్రంథాలలో దీనికి 'కితాబుస్ సైద్' అనే ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. మదర్సా విద్యార్థులు దీనిని చదువుతారు గాని, ఆచరణలో చూసే అవకాశం తక్కువ. విశాఖపట్నంలో మద్దిలపాలెం దాటి కొద్ది దూరం పోతే కంబాలకొండ అడవి ఎదురవుతుంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యంలో కణుజులు, దుప్పులు, చిరుతలు ఉన్నాయి. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ విల్లు ఎక్కుపెట్టడం నేరం. అరకు, పాడేరు కొండలలో చైత్రమాసపు ఇటుకల పండుగ నాడు విల్లమ్ములతో వేటకు వెళ్ళడం గిరిజనుల పాత ఆచారం. నేడు చట్టం ఆ వేటను కూడా అనుమతించదు.

కాని చదువులకూ, ఉద్యోగాలకూ అమెరికా చేరిన తెలుగు ముస్లిములు అడుగుపెట్టిన దేశంలో వేట చట్టబద్ధమైనది. లైసెన్సు తీసుకొని విల్లుతో ఎల్క్ అనే పెద్ద దుప్పిని కొట్టి తెచ్చిన మాంసం హలాలా అన్న ప్రశ్న అక్కడ సజీవమైనది.

ఎల్క్ వేట తీరు

ఎల్క్ మన కణుజుకూ, కాశ్మీరులోని హంగుల్‌కూ బంధువు. మగది సుమారు 300 కిలోల బరువు తూగుతుంది. సెప్టెంబరులో జత కట్టే ఋతువు వచ్చినప్పుడు మగవి ఈల వంటి కేకలు వేస్తాయి. కొలరాడో వంటి రాష్ట్రాలలో విలుకాండ్ర వేటకాలం కూడా ఆ నెలలోనే. వేటగాడు గాలివాలు చూసుకొని, ఆ కేకను అనుకరించి, చెట్ల నడుమ ముప్పై నలభై గజాల దూరానికి మృగాన్ని రప్పించుకొంటాడు. విల్లు లాగుడు బలం కనీసం 35 పౌండ్లు ఉండాలనీ, బాణపు మొనకు కనీసం రెండు ఉక్కు అంచులు, అంగుళంలో 7/8 వంతు వెడల్పు ఉండాలనీ కొలరాడో నిబంధన.

బాణం పక్కటెముకల వెనుక ఊపిరితిత్తులను చీల్చినా మృగం సాధారణంగా అక్కడికక్కడే కూలదు. అది పరుగెత్తి పొదలలో మాయమవుతుంది. ఆపైన నెత్తుటి చుక్కలను, విరిగిన కొమ్మలను, గిట్టల జాడలను పట్టి వెదకాలి. అసలు వేట ఇక్కడే ఆరంభమవుతుంది, ఫిఖహ్ ప్రశ్నలు కూడా ఇక్కడే ఆరంభమవుతాయి.

సాధనమూ, నామస్మరణా

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ములుకర్రతో చేసే వేటను గురించి అడుగగా, మొన గుచ్చుకొని చచ్చినదానిని తినమనీ, అడ్డంగా తగిలి దెబ్బకు చచ్చినదానిని తినవద్దనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) బోధించారు. అంటే వాడి అంచు చీల్చాలి, బరువు చంపరాదు. తుపాకి గుండు వాడితో గాక వేగంతో, కాల్పుతో చంపుతుందని ఇబ్నె ఆబిదీన్ (మ. 1836) వంటి హనఫీ పండితులు గుండుతో చచ్చినదానిని అంగీకరించలేదు, ప్రాణముండగా జబహ్ చేస్తేనే హలాల్ అన్నారు. షౌకానీ వంటి పండితులు గుండును కూడా అనుమతించారు. ఉక్కు అంచుల బాణం విషయంలో ఈ చర్చకే తావు లేదు.

బాణం వదిలేవాని జబహ్ ధర్మసమ్మతమైనదై ఉండాలి. వదిలేటప్పుడు బిస్మిల్లాహ్ పలకాలి. ఇందులో ఒక సూక్ష్మమున్నది. జబహ్‌లో నామస్మరణ పశువుకు సంబంధించినది. ఒక గొర్రెను పడుకోబెట్టి బిస్మిల్లాహ్ చెప్పి, దానిని వదలి అదే స్మరణతో మరొక గొర్రెను కోస్తే చెల్లదు. వేటలో నామస్మరణ బాణానికి సంబంధించినది. ఒక దుప్పికి గురిపెట్టి వదలిన బాణం పక్కనున్న దుప్పికి తగిలినా అది హలాలే. కాని బిస్మిల్లాహ్ చెప్పిన బాణాన్ని పక్కనపెట్టి, మళ్ళీ పలకకుండా మరొకటి సంధిస్తే చెల్లదు. మరచిపోయిన వానికి హనఫీ మతంలో మినహాయింపు ఉన్నది; బుద్ధిపూర్వకంగా మానిన వానికి లేదు. షాఫయీల దృష్టిలో ఈ నామస్మరణ సున్నత్.

కనుమరుగైన మృగం

ఒకటి రెండు రోజుల తర్వాత దొరికిన మృగంపై నీ బాణపు గాయం తప్ప మరే గుర్తూ లేకపోతే తినవచ్చుననీ, నీటిలో పడి ఉంటే తినరాదనీ హజ్రత్ అదీ (రజి) హదీసు వల్ల తెలుస్తున్నది. మూడు రోజుల తర్వాత దొరికినా కుళ్ళకపోతే తినవచ్చునని హజ్రత్ అబూ సాలబా ఖుషనీ (రజి) ఉల్లేఖనం. ఈ రెంటి సారాంశం ఒక్కటే: చావుకు కారణం నీ బాణమేనా? తోడేలు కరిచిన గాట్లు గాని, మరొకరి బాణపు గాయం గాని కనిపిస్తే అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టినచోట మాంసం వదలిపెట్టాలి.

కొండ అడవిలో ఇంకొక ప్రమాదమున్నది. బాణం తిన్న మృగం నేరుగా నేలపై కూలితే దోషం లేదు. కూలకుండా ఉండటం సాధ్యం కాదు గదా! కాని గట్టుపై పడి అక్కడినుంచి లోయలోకి దొర్లి చచ్చిందా, బాణం చంపిందో, పాటు చంపిందో తేల్చలేము. ఎత్తునుంచి పడి చచ్చినదానిని ఖురాన్ నిషేధించింది గనుక అది తినరాదు. ప్రాణముండగా చేరుకొంటే మాత్రం తప్పక జబహ్ చేయాలి. వ్యవధి ఉండి కూడా ఊరకుంటే హరామ్ అవుతుంది.

వేచి ఉండటం వెదకడం మానడమా?

ప్రసిద్ధ హనఫీ గ్రంథం హిదాయా కర్త ఇమామ్ మర్గీనానీ (మ. 1197) మరొక షరతు పేర్కొన్నారు: వేటగాడు మృగాన్ని ఎడతెగక వెదకుతూ ఉండాలి. వెదకడం మాని కూర్చొని, తర్వాత చచ్చినదానిని కనుగొంటే అది హలాల్ కాదు. ఇక్కడే చిక్కు. అనుభవజ్ఞులైన విలుకాండ్రు బాణం తగిలాక కనీసం అరగంట కదలకుండా నిలుస్తారు. బాణం కడుపులో దిగితే కొన్ని గంటలు ఆగుతారు. వెంటనే తరిమితే భయపడిన మృగం మైళ్ళ దూరం పరుగెత్తి, నెత్తుటి జాడ తెగి, ఎవరికీ దక్కకుండా బాధతో చస్తుంది. మరి ఈ ఆగడం 'వెదకడం మానడం' క్రిందికి వస్తుందా?

సమాధానానికి దారి అదే హిదాయాలో ఉన్నది. వేటకు వదలిన చీతా వెంటనే దూకక కాసేపు పొంచి ఉండి, ఆ తర్వాత పట్టినా ఆ వేట హలాలే. ఆ ఆగడం వేటకు పన్నిన ఉపాయమే గాని విశ్రాంతి కాదని మర్గీనానీ కారణం చెప్పారు. ఆ కారణాన్నే వేటగానికి అన్వయిస్తే, మృగాన్ని దక్కించుకొనేందుకు నిలిచిన అరగంట వెదకడంలో భాగమే అవుతుంది. బస చేరి భోంచేసి, ఇతర పనులలో పడి, తెల్లవారి తీరికగా రావడం ఆ కోవలోకి రాదు. ఇది సాదృశ్యం మాత్రమే, ఫత్వా కాదు. వేటకు బయలుదేరే ముందే ముఫ్తీని అడగడం క్షేమకరం. అంతకంటే క్షేమం, ఊపిరితిత్తులకు సూటిగా గురి కుదరనప్పుడు బాణం వదలకపోవడం.

ముగింపు

ప్రాణమున్న జీవిని గురి సాధనకు కట్టిపెట్టడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) తీవ్రంగా నిషేధించారు. వేటకు అనుమతి ఆహారం కొరకే గాని వినోదం కొరకు కాదు. తినదగిన మాంసాన్ని అడవిలో వదలివేయడాన్ని కొలరాడో చట్టం కూడా నేరంగా ఎంచుతుంది.

వేట ముబాహ్, విధి కాదు. ముబాహ్‌ను దేశ చట్టం ఆపినచోట ఆగిపోవడం విశ్వాసికి భారం కారాదు. మక్కా హరమ్‌లో మృగాన్ని కొట్టరాదన్న ఆజ్ఞను శిరసావహించే సమాజానికి అభయారణ్యం అర్థం కాని మాట కాదు. కొలరాడో పొదలలో నెత్తుటి జాడను ఎంతవరకు వెదకాడో వేటగానికి తెలుసు. కంబాలకొండ అంచున విల్లు ఎక్కుపెట్టకుండా ఎవరు ఆగారో ఆ ఆగినవానికి తెలుసు. చూసే మనిషి లేని ఆ రెండు చోట్లా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు. 94వ ఆయతు చెప్పిన పరీక్ష అదే: కంటికి కనిపించని ప్రభువుకు ఎవరు భయపడతారో తేలడం. వల్లాహు ఆలమ్.