చిన్న నర్సరీకి బండి ఎంపిక – తోటచెత్త వినియోగము

తూర్పు గోదావరి జిల్లా కడియము, కడియపులంక గ్రామముల నర్సరీల నుండి మొక్కలు దేశము నలుమూలలకు పోవుచున్నవి. పెద్ద నర్సరీలకు తోడు, అర ఎకరములో మొక్కలు పెంచి, దగ్గరి పట్టణములోని ఇండ్ల తోటలకు పని చేసిపెట్టు చిన్న రైతులును కలరు. వీరికి ఎదురగు ప్రశ్నలు రెండు. బండి కొనవలెనా, కిరాయికి తేవలెనా? కత్తిరించిన కొమ్మలను, రాలిన ఆకులను ఏమి చేయవలెను? మొక్కలపై వచ్చిన లాభము ఈ రెంటి క్రిందనే పోవుట కద్దు.

బండి కొనుటకు ముందు లెక్క

బండి కదలినను, కదలకున్నను కొన్ని ఖర్చులు తప్పవు. అప్పు వాయిదా, భీమా, డ్రైవరు జీతము ఇట్టివి. ఇవి నెలకు 27,000 రూపాయలనుకొందము. ఒక్క ట్రిప్పుకు కిరాయి 1,500 రూపాయలు, సొంత బండికైనచో నూనె, మరమ్మతు ఖర్చు 600 రూపాయలు అనుకొందము. అప్పుడు ట్రిప్పుకు 900 రూపాయలు మిగులును. నెలకు 30 ట్రిప్పులు తిరిగిననే వాయిదాలు, జీతము గడచును. అంతకు తక్కువైనచో కిరాయి బండియే మేలు. మీ ఊరి ధరలతో ఈ లెక్కను మీరే వేసికొనుడు. వానకాలపు గిరాకీని చూచి కాక, ఏడాది పొడుగున సగటు చూచి వేయవలెను. ఇరుగుపొరుగు నర్సరీల వారు నలుగురు కలిసి ఒక బండిని వాడుకొన్నచో భారము తగ్గును.

ఏ బండి తగును?

మూడు చక్రముల ట్రాలీ ఆటో సుమారు 500 కిలోలు, చిన్న నాలుగు చక్రముల ట్రక్కు సుమారు 750 కిలోలు మోయును. రిజిస్ట్రేషను పత్రములోని బరువును మించరాదు. తడిసిన మట్టితో 30 కిలోలు తూగు పెద్ద సంచులైనచో 500 కిలోలకు 16 మాత్రమే పట్టును. 6 అంగుళముల చిన్న సంచులు 27 చదరపు అడుగుల ట్రాలీలో ఒక వరుసకు 108 పట్టును. ఒక్కొక్కటి 3 కిలోలైనచో మొత్తము 324 కిలోలే. అనగా పెద్ద మొక్కలకు బరువు, చిన్న మొక్కలకు చోటు ముఖ్యము. మొక్కలకు ముందురోజు సాయంకాలమే నీరు పెట్టి, ఎక్కించిన పిదప గాలి తగులకుండ వలగుడ్డ కప్పవలెను.

తిరుగు బండిలో ఎరువు

మొక్కలు దింపిన బండి ఖాళీగా రానేల? పట్టణపు తోటలలోని ఆకులను, లేత కొమ్మలను తెచ్చుకొనుడు. 3 అడుగుల లోతు, 6 అడుగుల వెడల్పుగల గోతిలో, నీడపట్టున, అరడుగు మందమున చెత్త పరచి పేడనీళ్ళు చల్లుచు పొరలుగా నింపవలెను. ముదురు కొమ్మలను చిన్నవిగా నరుకవలెను. పిడికిట పిండిన చెమ్మ తెలియవలెను, నీరు కారరాదు. నెలకొకసారి తిరుగవేసినచో మూడు, నాలుగు నెలలలో కంపోస్టు సిద్ధమగును. దీనిని మట్టిలో కలిపి సంచులు నింపినచో ఎరువు కొను ఖర్చు తగ్గును.

జాగ్రత్తలు

పిండినల్లి పట్టిన కొమ్మలను నర్సరీకి తేరాదు. వయ్యారిభామ మొక్కలను పూత రాకముందే గోతిలో వేయవలెను. కొబ్బరికి చేటు చేయు కొమ్ముపురుగు కుళ్ళు ఎరువులోనే గ్రుడ్లు పెట్టును. గోతిని తిరుగవేయునపుడు కనబడు తెల్లని లావు పురుగులను ఏరి చంపుడు. మెటారైజియం శిలీంధ్రపు పొడిని గోతిలో కలుపుటయు ఫలప్రదము. చినిగిన ప్లాస్టిక్ సంచులను వేరుచేసి పాతసామాను వర్తకునకు ఈయవలెను.

చెత్తను ఎన్నడును తగులబెట్టరాదు. బహిరంగముగా చెత్త కాల్చుటను నిషేధించి, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో సామాన్యముగా 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినచో 25,000 రూపాయలు చెల్లించవలెనని ఉత్తరువు చేసినది. గ్రామాధికారులు పంచాయతీ స్థలములో ఉమ్మడి గోతులకు చోటు చూపినచో, జాగా లేని చిన్న రైతులకు గొప్ప ఉపకారమగును.

రైతు సోదరులారా! ఈ నెల నుండియే ఒక పుస్తకములో ట్రిప్పులు, కిరాయిలు, కొన్న ఎరువు ఖరీదు వ్రాసి ఉంచుడు. ఏడాది తిరుగుసరికి బండి కొనవచ్చునో లేదో ఆ పుస్తకమే చెప్పును.