ట్రెయిను అను మాట

నెల్లూరు సీమయందలి బోగోలు మండలములో బిట్రగుంట కలదు. 1899వ సంవత్సరమున బెజవాడ, చెన్నపట్టణములను కలిపిన రైలుమార్గముపై నున్న యీ యూరు, ఒకప్పుడు ఆవిరి యంత్రముల షెడ్డునకు పేరుగాంచినది. నేడు ఆ యంత్రములు లేవు. రైలను మాట మాత్రము మన యిండ్లలో నిలిచినది.

నిజమునకు రైలనునది బండి పేరు గాదు, ఇనుపపట్టా పేరు. లాటిను భాషలో తిన్నని కఱ్ఱకు 'రేగులా' యని పేరు. మన పిల్లల రూళ్ళకఱ్ఱలోని 'రూలు'ను, ఈ రైలును దాని సంతతియే.

బండిని ఆంగ్లేయులు ట్రెయిను అందురు. ఈ మాటకు మూలార్థము ఈడ్చుట. దొరసాని గౌను వెనుక నేలపై జీరాడు అంచు ట్రెయిను; రాజు వెంట నడచు పరివారము ట్రెయిను. 19వ శతాబ్దమున యంత్రము ఈడ్చు పెట్టెల వరుసకును ఆ పేరే వచ్చినది.

తీగను పందిరికి ప్రాకించుటను సయితము వారు ట్రెయిను చేయుట యందురు. ఉపాధ్యాయినులు, నర్సులు పొందు 'ట్రెయినింగు' ఈ యర్థము నుండియే కలిగియుండునని నిఘంటుకారుల తలంపు.

సోదరీమణులారా! రైలుపెట్టె తనంత కదలదు; ఈడ్చినచోటికే పోవును. మల్లెతీగ యన్ననో తనంత పెరుగును. దానికి పందిరి చూపిన చాలును, బలిమిని లాగినచో తెగును. మన యాడుబిడ్డలను చదువునకు గాని, పనికి గాని త్రిప్పునపుడు, వారిని పెట్టెగా నెంచుచున్నామా, తీగగా నెంచుచున్నామా యని యొక్కమాఱు తలపోయుదము.